లలితగాన మార్గమున సాలూరి రాజేశ్వరరావు

శబ్దశాస్త్రమున లోపమనునది చిత్రమైన సంజ్ఞ. ఉండవలసిన వర్ణముగాని ప్రత్యయముగాని కానరాకుండుటయే లోపము. అయినను లోపించిన ప్రత్యయము తాను చేయవలసిన కార్యమును మానదు. తాను మరుగునపడియు పదమును మార్చును. దీనిని శాబ్దికులు ప్రత్యయలక్షణమందురు. చరిత్రయందును ఇట్టి లోపములు పెక్కులు గలవు. మా యూరి పేరే యొక యుదాహరణము. రైలుమార్గము వచ్చిన కాలమున ఇందూరు నిజామాబాదైనది. కాని పల్లెలలోని వృద్ధుల నోట ఇందూరు నేటికిని నిలిచియున్నది. తెలుగు లలితసంగీతమున ఇట్లు లోపించియు కార్యము చేయుచున్న కంఠమొకటి గలదు. అది సాలూరి రాజేశ్వరరావుగారిది. ఆయనను స్వరకర్తగా నెల్లవారును ఎరుగుదురు. గాయకుడుగా ఎరిగినవారు అరుదు. ఆ గాయకునివలన తరువాతి ప్రసిద్ధులకు సంక్రమించిన దేమో విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది నా పొరపాటే. కొన్నియేండ్ల క్రిందట నిజామాబాదున ఒక సాహిత్యసభలో మాటాడుచు, శాస్త్రీయసంగీతమునకు గురుపరంపర గలదనియు, చలనచిత్రగీతమునకు అట్టిది లేదనియు, ఘంటసాలవంటి గాయకుడు స్వయంభువనియు పలికితిని. సభ్యులు కరతాళధ్వనులు చేసిరి. సభాంతమున ఒక వృద్ధుడు నన్ను సమీపించి తన యింటికి ఒకమారు రమ్మని కోరెను. ఆయన బోధనులోని శక్కర్‌నగరున చక్కెర కర్మాగారమున పనిచేసి విరమించినవాడు. 1937లో స్థాపితమై, ఎన్నో వేల చెరకు బండ్లను మ్రింగి, 2015లో మూతపడిన యా కర్మాగారము ఆయన యింటికి దవ్వు కాదు. నిజాంసాగరము 1931లో పూర్తియైన పిమ్మట కాలువనీటి నాశ్రయించి కోస్తా జిల్లాలనుండి రైతులు ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిరి. అట్టి కుటుంబమొకదాని యొద్ద తన తండ్రి కొన్న గ్రామఫోను ప్లేట్లను ఆ వృద్ధుడు గుడ్డలో చుట్టి దాచియుంచెను.

ఆయన ఒక ప్లేటును పెట్టి, "ఈ గొంతు ఎవరిదో చెప్పుండ్రి పంతులుగారూ" అనెను. మెత్తగా, మాట మాటకు నడుమ ఊపిరి తెలియునంత దగ్గరగా పాడుచున్న స్వరమది. ఘంటసాల యని నేను తడుముకొనక చెప్పితిని. ఆయన నవ్వి, "ఘంటసాల మద్రాసుకు రాకముందటి పాట ఇది. రాజేశ్వరరావు పాడిండు" అనెను. నేను సభలో పలికిన మాట నాకే తిరిగి వచ్చి తగిలినట్లైనది.

రాజేశ్వరరావుగారు 1922లో సాలూరు సమీపమున శివరామపురమున జన్మించిరి. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. బాలుని కంఠమాధుర్యమును విని హచ్చిన్సు గ్రామఫోను కంపెనీవారు చిన్నతనముననే పాటలు ముద్రించిరి. 1935లో వెలువడిన శ్రీకృష్ణలీలలు అను చిత్రమున ఆయన కృష్ణుడు, వేమూరి గగ్గయ్యగారు కంసుడు. గగ్గయ్యగారి గానము రంగస్థలమునకు చెందినది. ధ్వనివర్ధకములు లేని పందిళ్లలో కట్టకడపటి వరుసవానికి సైతము వినబడవలెనని హెచ్చు శ్రుతిలో పద్యము నెత్తుకొని, పాదాంతమున దీర్ఘమగు రాగము తీయుట ఆనాటి నటుల పద్ధతి. ఆ మహానటునకు ఎదురుగా నిలిచి బాలుడును ఆ పద్ధతిలోనే దీటుగా పాడెను. ఇంతవరకు ఆయన పూర్వమార్గమున నడచినవాడే.

మార్పు కలకత్తాయందు కలిగినది. 1936 నాటి మాయాబజారు చిత్రమున అభిమన్యుని వేషము ధరించుటకై అచ్చటికి పోయి, ఆయన కొంతకాలము నిలిచిపోయిరి. న్యూ థియేటర్సు సంస్థలో ఆర్. సి. బోరాలు, పంకజ మల్లిక్కు, కె. ఎల్. సైగలు ఆ దినములలో క్రొత్త పాటకు రూపము దిద్దుచుండిరి. పాశ్చాత్యదేశములలో 1925 మొదలుగా విద్యుత్తుచే ధ్వనిని ముద్రించు పద్ధతి నెలకొనినందున గాయకుడు అరవవలసిన యవసరము తీరిపోయెను. మైక్రోఫోను ముందు గొణుగుడు సైతము గానమగును. ఈ సూక్ష్మమును సైగలు పూర్ణముగా గ్రహించినవాడు. రాజేశ్వరరావుగారు ఆయన సాంగత్యమున హిందుస్తానీ రాగములను, రవీంద్రగీతముల నడకను గ్రహించి మద్రాసునకు తిరిగి వచ్చిరి. 1940లో గూడవల్లి రామబ్రహ్మముగారి ఇల్లాలు చిత్రమునకు స్వరకల్పన చేయుటయే గాక, రావు బాలసరస్వతిగారితో కూడి నటించి పాడిరి. ఆ యిరువురి గ్రామఫోను ప్లేట్లు తెలుగునాట ఇంటింట మ్రోగినవి.

1935 నాటి బాలుని గానమును, 1940 నాటి యువకుని గానమును ప్రక్క ప్రక్కన నుంచి వినినచో, ఐదేండ్లలో తెలుగుపాట నడచిన దూరమంతయు ఒక్క కంఠముననే తెలియును. మొదటిదానియందు రాగము ప్రధానము, మాట దానికి వాహకము. రెండవదానియందు మాట ప్రధానమై, రాగము దాని యర్థమును వెలిగించు దీపమైనది. సంగతులు కురుచలైనవి. గమకము అలంకారముగా గాక భావముగా నిలిచినది. లలితసంగీత మని నేడు మనము వ్యవహరించుదానికి లక్షణము ఇంతియే.

ఇచ్చట పూర్వపక్షమొకటి పుట్టును. ఘంటసాల వేంకటేశ్వరరావుగారును 1922లోనే జన్మించిరి. ఇరువురకును రెండు నెలలకంటె తేడా లేదు. విజయనగర సంగీత కళాశాలయందు పట్రాయని సీతారామశాస్త్రిగారి వంటి గురువు నొద్ద ఆయన అభ్యసించిరి. అట్టి విద్వాంసుడు సమవయస్కునకు ఋణపడెననుట యెట్లు? ఇందులకు సమాధానమిది. వ్యాకరణమున పూర్వపరములు వయస్సుచే గాక క్రమముచే నిర్ణీతములగును. ఘంటసాల విజయనగరమున విద్యార్థిగా నున్న దినములలోనే రాజేశ్వరరావు ప్లేట్లు ప్రచారమున నుండెను. ఆయన 1942 ఉద్యమమున చెరసాలకు పోయివచ్చి, మద్రాసు చేరి, ఆకాశవాణియందును చిత్రములందును పాడ మొదలిడునప్పటికి మార్గము చదునుచేయబడి యున్నది.

అంతకంటె బలమైన ప్రమాణము 1951 నాటి మల్లీశ్వరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు రచించిన పాటలకు రాజేశ్వరరావుగారు స్వరములు కూర్చిరి. ఘంటసాల, భానుమతి పాడిరి. స్వరకర్త గాయకునకు పాటను కాగితముపై వ్రాసి యీయడు. తాను పాడి చెప్పును, గాయకుడు విని పట్టుకొనును. ఆ స్వరకర్త స్వయముగా మేటి గాయకుడైనచో, అతడు చెప్పునది స్వరముల వరుస మాత్రమే కాదు. ఊపిరి యెచ్చట తీయవలెనో, ఏ మాటను మెత్తన చేయవలెనో, ఏ గమకమును సగముననే విడువవలెనో అన్నియు చెప్పును. ఇదియే గురుముఖము. వేదపాఠమునకును దీనికిని పద్ధతియందు భేదము లేదు. 1954 నాటి విప్రనారాయణ, 1955 నాటి మిస్సమ్మలలో ఎ. ఎం. రాజా ఈ విధముననే ఆయన గానమును అందుకొనెను. చెంచులక్ష్మి, భార్యాభర్తలు, ఆరాధన, డాక్టర్ చక్రవర్తి మున్నగు చిత్రములలో ఘంటసాలయు సుశీలయు ఆయన పాటలను పాడిరి. చలనచిత్రగీతమునకు పరంపర లేదని నేను పలికినది ఈ గురుముఖమును గమనింపనందుననే.

అట్లని ఘంటసాల రాజేశ్వరరావునకు ప్రతిబింబమనరాదు. అనుకరణము వేరు, అనువృత్తి వేరు. అనుకరణమున పూర్వుని ధ్వనియే మరల పుట్టును. అనువృత్తియందు పూర్వసూత్రములోని పదము తాను ఉచ్చరింపబడకయే పరసూత్రమున చేరి, అచ్చట క్రొత్త యర్థమునకు తోడ్పడును. రాజేశ్వరరావు ప్రక్కకు తొలగించిన నాటకపద్యమును ఘంటసాల మరల చేపట్టి, దానికి ఈ లలితమగు ఉచ్చారణమును చేర్చి, పద్యగానమున క్రొత్త పద్ధతిని నెలకొల్పిరి. ఋణము తీసికొని మూలధనమును పెంచినవాని మార్గమిది.

ఇతరదేశములందును ఇట్టి చరిత్ర గలదు. రాకెన్‌రోల్ అను గానమునకు ఆదిపురుషులలో నొకడగు బడ్డీ హాలీ అను అమెరికా గాయకుడు 1959లో, 22 ఏండ్ల ప్రాయమున, విమానప్రమాదమున మృతినొందెను. అంతకు ముందటి సంవత్సరము లివర్‌పూలు నగరపు కుర్రవాండ్రు కొందరు తొలుత ముద్రించుకొన్న పాటలలో నొకటి ఆయనదే. వారే పిమ్మట బీటిల్సను పేర లోకమునేలిరి. హాలీ మేళమునకు ఒక పురుగు పేరుండగా, వీరును పురుగు పేరునే తలపించునట్లు తమ పేరును కల్పించుకొనిరి. హాలీని మృత్యువు తొలగించెను. రాజేశ్వరరావుగారు క్రమముగా నటనమును, ఆ వెనుక గానమును తామే వీడి స్వరరచనయందు నిలిచిరి. లోపమునకు కారణము వేరైనను కార్యము ఒక్కటియే.

రాజేశ్వరరావుగారు 1999లో గతించిరి. ఆయన కుమారులలో వాసూరావు, కోటి స్వరకర్తలైరి. టి. వి. రాజు కుమారుడగు రాజుతో కూడి కోటి స్వరపరచిన దినములలో వారి మేళమున కీబోర్డు వాయించిన యువకులలో ఎ. ఆర్. రహమాను ఒకడు. ఇంతమాత్రమున రహమాను గానమునకు సాలూరివారు మూలమని నేననను. సాంగత్యము ప్రభావమునకు చాలిన ప్రమాణము కాదు. అయినను కలకత్తాలో సైగలు నుండి గ్రహింపబడిన విద్య సాలూరివారి యింట నిలిచి, మద్రాసు శాలలలో ఎంతమంది చెవుల బడినదో ఊహించుటకు ఇది చాలును.

సభలో పలికిన మాటను ఈ పత్రికాముఖమున ఉపసంహరించుకొనుచున్నాను. చలనచిత్రగీతమునకు పరంపర గలదు. నా చెవికి తెలియకుండుట నా లోపము. ఇక మనవి యొకటి. ఆ పాతప్లేట్లు లక్కతో చేసినవి. చేయి జారిన పగులును, ఎండకు వంగును. బోధను వృద్ధుడు చూపినవానిలో రెండు అప్పటికే బీటలువారినవి. ప్రత్యయము లోపించినను దాని కార్యమును చెప్పుటకు శాస్త్రము మిగిలియున్నది. ఈ కంఠమునకు ఆ ప్లేట్లే శాస్త్రము. అవియు నశించినచో, తరువాతివారి పాటలో నున్నది ఎవరి జాడయో చెప్పువాడుండడు. ఇందూరు సీమలో ఎవరి యింటనైన ఇట్టివి మిగిలియున్నచో, వానిని నేటి యంత్రములచే ప్రతి చేయించి భద్రపరపవలెనని గృహస్థులను, మన సంఘమువారిని వేడుచున్నాను.