కాంబోడియా ఏజెంటూ, పదో క్లాసూ

2024 మేలో విశాఖ పోలీసులు కాంబోడియా ముఠా గుట్టు విప్పినప్పుడు నాకు 1837 గుర్తొచ్చింది. మారిషస్ చెరకు తోటలకి పోయే కూలీ, ఏజెంటుతో కలిసి కంపెనీ అధికారి ముందు నిలబడి ఒప్పందం చూపించాలని ఆ ఏడాది చట్టం చేశారు. 1983 వలస చట్టం కిందా అలాంటి తనిఖీయే, కానీ పదో క్లాసు పాసైతే అక్కర్లేదు. పైగా ఆ తనిఖీ దేశాల జాబితాలో కాంబోడియా లేనే లేదు!

చదువుకున్నోడు మోసపోడనుకున్నారు కాబోలు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్ళి, సైబర్ మోసాలు చెయ్యాల్సి వచ్చింది చదువుకున్న కుర్రాళ్ళకే. మా అచ్యుతాపురం సెజ్ గేట్ల దగ్గర రెజ్యూమెలు పట్టుకు తిరిగేదీ అలాంటివాళ్ళే.

పాత ఐపీసీ 370 సెక్షన్‌ని 2013లో మార్చి మనుషుల అక్రమ రవాణాకి శిక్ష పెంచారు, సరే. అది మనిషి పోయాక పనికొచ్చేది. పంజాబ్ 2012లోనే ట్రావెల్ ఏజెంట్లకి లైసెన్సు తప్పనిసరి చేస్తూ సొంత చట్టం తెచ్చుకుంది. మన అసెంబ్లీ కూడా ఆ పని చెయ్యాలి, ఊళ్ళో కమీషన్ మీద మనుషుల్ని పోగేసే సబ్ ఏజెంటుతో సహా.