అంధుల చదువునకు పరీక్షకు లెవరు?

చూపులేనివారి కొఱకు చూపున్నవారు చేసిన సాధనమును మంచిదని, చెడ్డదని తేల్చవలసిన దెవరు? ఈ ప్రశ్న నేటిది కాదు. దీనికి రెండు వందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

పదునెనిమిదవ శతాబ్ది చివర పారిస్ నగరమున వాలెన్తిన్ హాయీ యను పరోపకారి అంధబాలుర కొక పాఠశాల నెలకొల్పెను. మామూలు అక్షరములనే దళసరి కాగితముపై ఉబ్బెత్తుగా నొత్తించి, వ్రేలితో తడిమి చదువుడనెను. దయగల యూహయే. కాని యా యక్షరములు కంటి కొఱకు పుట్టినవి; వ్రేలికి లొంగుటకు మిక్కిలి కాలము పట్టెడిది. 1821లో షార్ల్ బార్బియే యను నతడు చుక్కల లిపి నొకదానిని ఆ పాఠశాలకు గొనివచ్చెను. అందు ఒక్కొక్క గుఱుతునకు పండ్రెండు చుక్కల వఱకు పట్టును. ధ్వనులకు గుఱుతులు కలవుగాని వర్ణక్రమమునకు లేవు, విరామచిహ్నములును లేవు. చూచువారికి ముచ్చటగనే యుండెను.

ఆ పాఠశాలలో లూయీ బ్రెయిల్ అను విద్యార్థి యుండెను. జీనులు కుట్టువాని కొడుకు. మూడవయేట తండ్రి పనిముట్టు తగిలి, ఆ గాయముతో చూపు పోయినది. పండ్రెండు చుక్కలు వ్రేలికొన క్రింద ఒక్కమాఱుగా నిమడవని అతని వ్రేలు చెప్పెను. 1824 నాటికి, పదునైదేండ్ల వయసున, ఆఱు చుక్కలతో నతడు వేఱొక లిపిని సమకూర్చెను. 1829లో అది పుస్తకరూపమున వెలువడినది. పిల్లలు దానిని వెంటనే పట్టుకొనిరి. పెద్దలు మాత్రము జంకిరి: కన్నులున్నవారు చదువలేని లిపి అంధులను లోకమునుండి వేఱుచేయునట! 1840 తరువాత కొన్నాళ్లు ఆ పాఠశాలలోనే దానిని నిషేధించిరి. బాలురు చాటుగా వ్రాసికొనిరి. లూయీ 1852లో మరణించెను. పాఠశాల యా లిపిని అధికారికముగా స్వీకరించినది 1854లో! మన దేశమున 1951లో భారతి బ్రెయిల్ ఏర్పడగా తెనుగు అక్షరములును ఆ యాఱు చుక్కలలోనే యిమిడినవి.

తరువాత కంప్యూటరు వచ్చెను. తెరమీది మాటలను పైకి చదువు సాధనములును, వానినే చుక్కలుగా మార్చి వ్రేళ్ల క్రింద లేపుచు దింపుచునుండు పలకలును వచ్చినవి. అయితే బొమ్మలో నేమున్నదో ఆనాటి సాధనములు చెప్పజాలవు. తయారుచేయువాడే బొమ్మవెంట మాటలు వ్రాసియుంచవలెను. సిడ్నీలో 2000 సంవత్సరపు ఒలింపిక్ క్రీడల వెబ్‌సైటున ఈ పని సరిగా జరుగలేదు. పుట్టంధుడైన బ్రూస్ మగ్వాయిర్ తన చుక్కల పలకతో తడిమి చూచి, 1999లో ఆస్ట్రేలియా మానవహక్కుల సంఘమునకు ఫిర్యాదు చేసెను. సరిదిద్దుటకు ఇరువదిరెండు లక్షల డాలర్లగునని నిర్వాహకులు వాదించిరి. సంఘ మా లెక్కను నమ్మలేదు. సెప్టెంబరు 15 లోపల సరిచేయుడని 2000 ఆగస్టులో తీర్పిచ్చెను. పని పూర్తికాకుండుటచే తుదకు ఇరువదివేల డాలర్ల పరిహారము విధించెను.

1999 మే నెలలోనే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఈ విషయమున నియమములు ప్రకటించి, వికలాంగులను పిలిచి పరీక్షింపజేయుడని అందు సలహా చెప్పియుండెను. ఆరితేరినవారినేగాక క్రొత్తగా నేర్చినవారిని కూడ పిలువవలెనట. ఈ సలహా నాకు మిక్కిలి సబబుగా తోచుచున్నది. ఏలన, బొమ్మకు మాట కలదా లేదా యని యంత్రమును చెప్పగలదు. ఆ మాట వట్టి 'బొమ్మ' యనియే యున్నను యంత్రము సరేయనును. వినువాని కేమి తెలిసినట్లు?

ఈ వ్యవహారము మన గ్రామములకు దూరమైనది కాదు. బ్యాంకు ఖాతాకు ఫోనులోనే గుర్తింపు చూపు పద్ధతి వచ్చినది. ఎదుట నున్నది సజీవుడైన మనుష్యుడేనని తెలియుటకు ఱెప్పలార్పుమని తెర యడుగును. చూపులేనివాడు, ఆమ్లదాడిలో కన్నులు చెడిన యాడది ఏమి చేయుదురు? అట్టివారు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2025 ఏప్రిల్ 30న న్యాయస్థానము ఇరువది ఆదేశములిచ్చెను. ఱెప్పలార్చుటయేగాక వేఱు మార్గములును ఉండవలెను. కాగితములతో గుర్తింపు చూపు పద్ధతి వికలాంగులకు అందుబాటున నుండవలెను. వెబ్‌సైటుగాని యాప్‌గాని తయారుచేయునపుడు, అందు క్రొత్త సౌకర్యమును చేర్చునపుడు, అంధులచేత పరీక్షింపజేయవలెను.