నీరు రాని కుళాయి

బిడ్డ యొంటిమీఁది పుండును జూచి తల్లిని నిందించుట లోకమున వాడుక. ఆ నింద యెంతవఱకు న్యాయమో తెలిసికొనుటకు ఆస్ట్రేలియా ఆదిమవాసుల యిటీవలి చరిత్ర మిక్కిలి తోడ్పడునని మేము తలంచుచున్నాము.

ఆ ఖండమునందలి మాఱుమూల పల్లెలలో ఏ సమయమునఁ జూచినను నూటికి ఇంచుమించు 45 మంది పిల్లలు చీముపుండ్లతో బాధపడుచుందురని 2015లో ప్రకటింపఁబడిన పరిశీలన తెలిపినది. గజ్జిపురుగు చర్మమును తొలుచును. గోఁకినచోట స్ట్రెప్టోకోకస్ మొదలగు సూక్ష్మజీవులు చేరును. పుండు పైకిఁ జిన్నదే. కాని దానివలన మూత్రపిండములు చెడవచ్చును; హృదయకవాటములను పాడుచేయు కీళ్లవాతజ్వరమునకును అది త్రోవ తీయునని వైద్యులు తలంచుచున్నారు.

పూర్వము వీరు నీటిని, వేఁటను అనుసరించి తావులు మార్చుచుండెడివారు. వలసపాలనమున నేలలు పోయినపిమ్మట మిషనులయొద్దను, పశుక్షేత్రములయొద్దను కుదురవలసివచ్చెను. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎర్నబెల్లా మిషను 1937లో వెలసినది. ఇట్టి తావులలో స్థిరనివాస మేర్పడెను గాని, దానికి వలసిన నీరు, మురుగుకాలువలు, చాలినన్ని గదులు అమరలేదు.

ఆ ప్రాంతమున ఆదిమవాసులే నడపుకొను ఙనంపా ఆరోగ్యసంఘము కలదు. 1985లో దాని నిర్వాహకుఁడగు యామీ లెస్టర్, రోగికి మందిచ్చుటతోఁ దృప్తిపడక, రోగమే రాకుండఁ జేయు మార్గమును వెదకఁ బూనెను. వైద్యుఁడగు పాల్ టొర్జిల్లో, గృహశిల్పియగు పాల్ ఫొలెరోస్, స్టెఫన్ రైనౌ అను మువ్వురు ఆ పనికిఁ బూనుకొనిరి. 1987లో వెలువడిన వారి నివేదిక ఆరోగ్యమునకు వలయు తొమ్మిది అలవాటులను వరుసగాఁ బేర్కొన్నది. అందు మొదటిది స్నానము; పసిబిడ్డలకు దినమున కొక్కసారియైనఁ గావలెను. తరువాతి యేండ్లలో వేలకొలఁది యిండ్లను పరీక్షింపఁగా, కుళాయిలు, గొట్టములు చెడుటకుఁ బెక్కింట మరమ్మతు లేమియు, మొదటికట్టడపు లోపమును కారణములని తేలినది. కాఁపురమున్నవారు పాడుచేసినది నూటికిఁ బదింటికి లోపే!

పశ్చిమ ఆస్ట్రేలియాలో 2000లో రెండు పల్లెలయందు ఈఁతకొలఁకులు తెఱచిరి. పదునెనిమిది నెలలలో చీముపుండ్లుగల పిల్లలు ఒకచోట నూటికి 62 నుండి 18కిని, వేఱొకచోట 70 నుండి 20కిని తగ్గిరని 2003లో ప్రకటించిరి. తల్లులు మాఱలేదు, నీరు దొరకినది.

కావున పాఠకులు శుచిని బోధింపఁబోవునపుడు, ముందుగా ఆ యింటి కుళాయిని త్రిప్పి చూడవలసినదని మా మనవి.