మచ్చ మిగులని తుడుపు: కంప్యూటరు తెరపై చిత్రలేఖన పరికరముల చరిత్ర

పలకమీద బలపముతో అక్షరములు దిద్దినవారందఱికిని ఒక సంగతి జ్ఞాపకముండును. తప్పు వ్రాసినప్పుడు తడిగుడ్డతో తుడిచెదము. అక్షరము పోవును గాని, ఆరిన పిమ్మట పలకమీద తెల్లని చారిక యొకటి మిగులును. కాగితముమీది పెన్సిలు గీతను రబ్బరుతో చెరపినచో కాగితము గరుకెక్కును. సిరాను బ్లేడుతో గీకినచో అచట కాగితము పలుచబడి, వెలుతురున కెదురుగా పట్టిన వెంటనే తెలిసిపోవును. మనుష్యుడు గీసిన ప్రతి గీతకును అనాదిగా ఇదియే నియమము. చెరపుట సులభము, చెరపిన సంగతి తెలియకుండ చేయుట కష్టము.

నేడు మన యింటి పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండి, తెర యంచున నున్న చిన్న బొమ్మల వరుసనుండి పెన్సిలును ఎన్నుకొని గీత గీయును. నచ్చనిచో ఒక మీట నొక్కును. గీత పోవును. చారిక లేదు, గరుకు లేదు, గాటు లేదు. ఆ గీత యెన్నడును పుట్టనే లేదన్నట్లుండును. ఈ పెన్సిలు, ఈ రబ్బరు, ఈ కత్తెర, ఈ రంగుడబ్బా ఎచటనుండి వచ్చినవి? అవి మనకేమి యిచ్చినవి? మననుండి ఏమి తీసికొన్నవి? ఈ ప్రసంగమున ఆ కథను క్లుప్తముగా మనవి చేసెదను.

మొదట, తెరమీది బొమ్మ యనగా నేమో తెలిసికొనవలయును. వాకిట చుక్కల ముగ్గు పెట్టు స్త్రీలకు ఇది సులభముగా బోధపడును. ముగ్గులో చుక్కల నడుమ గీత నడచును. తెరమీదనో, చుక్కలు తప్ప వేఱేమియు లేదు. చుక్కలే దగ్గఱగా చేరి గీతగా కనబడును. ఈ చుక్కను పిక్సెలు అందురు. ప్రతి చుక్కకును ఒక సంఖ్య కలదు. ఆ సంఖ్యయే దాని రంగును నిర్ణయించును.

1957లో అమెరికా దేశపు జాతీయ ప్రమాణముల సంస్థలో రస్సెల్ కిర్ష్ అను శాస్త్రజ్ఞుడు, పసివాడైన తన కుమారుని ఛాయాచిత్రమును కంప్యూటరునకు చూపదలచెను. చిత్రమును వరుసకు 176 చుక్కల చొప్పున 176 వరుసలుగా విభజించి, ఒక్కొక్క చుక్క నలుపో తెలుపో యంత్రముచేత నిర్ణయింపజేసెను. మొత్తము 30,976 చుక్కలు. వానిలో శిశువు ముఖము మసకగా కనబడెను. చిత్రము సంఖ్యగా మాఱినది; సంఖ్యగా మాఱినదానిని ఎట్లైనను మార్చవచ్చును. తరువాతి కథ యంతయు ఈ ఒక్క మాటలో నిమిడియున్నది.

అయితే ఛాయాచిత్రమును యంత్రమునకు చూపుట వేఱు, యంత్రముపై చేతితో గీయుట వేఱు. ఈ రెండవ కార్యమును 1963లో ఇవాన్ సదర్లాండ్ అను యువకుడు తన డాక్టరేటు పరిశోధనలో సాధించెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన లింకన్ ప్రయోగశాలలో టీఎక్స్-2 అను పెద్ద కంప్యూటరుండెను. సదర్లాండ్ దాని తెరకు కాంతికలము నానించి గీతలు గీసెను. ఆయన ప్రోగ్రాము పేరు స్కెచ్‌ప్యాడ్. గీత మొదటి కొన నిలుపగా, రెండవ కొన సాగు రబ్బరు పట్టీవలె కలము వెంట వచ్చెడిది. ఈ రెండు గీతలు సమాంతరముగా నుండవలయునని ఆజ్ఞాపించినచో, వంకరగా గీసినవి తామే సర్దుకొనెడివి. ఒక బొమ్మను గీసి దానికి అనేక ప్రతులు చేసినచో, మూలమును సవరించినప్పుడు ప్రతులన్నియు సవరింపబడెడివి. చేయి వణికినను గీత వణకనక్కఱలేదని లోకమునకు తెలిసినది అప్పుడే.

ఏటవాలు గీతను చుక్కలలో నిలుపుట కూడ ఒక విద్యయే. గీత రెండు చుక్కల నడుమ పోవునప్పుడు ఏ చుక్కను నింపవలయును? ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన జాక్ బ్రెసెన్‌హామ్ 1962లో దీనికొక ఉపాయము కనుగొని, 1965లో ప్రకటించెను. అడుగడుగునను నిజమైన గీతకును నింపిన చుక్కకును మధ్య ఎంత తేడా పేరుకొన్నదో లెక్క యుంచుకొనవలయును. తేడా సగము చుక్కను మించినంతనే ఒక మెట్టెక్కవలయును. భాగహారములతో పనిలేదు, కూడికలు తీసివేతలు చాలును. నేటికిని గీతలు గీయు ప్రోగ్రాములకు ఈ పద్ధతి పునాదిగా నిలిచియున్నది.

సదర్లాండ్ గీతలను గీయించెను గాని రంగులు పూయించలేదు. కుంచెను, రంగుపళ్ళెమును తెరమీదికి తెచ్చినవాడు రిచర్డ్ షూప్. కాలిఫోర్నియాలోని జెరాక్స్ సంస్థవారి పరిశోధనశాలలో ఆయన 1973 నాటికి సూపర్‌పెయింట్ అను యంత్రమును పనిచేయించెను. తెరపై నున్న సుమారు మూడు లక్షల చుక్కలలో ప్రతిదానికిని 256 రంగులలో ఒకటి ఇయ్యవచ్చును. అన్ని చుక్కలను జ్ఞాపకముంచుకొను ఎలక్ట్రానిక్ స్మృతి ఆ దినములలో మిక్కిలి వెలగలది. అయినను దానివలన చిత్రకారుడు పలకవంటి ఫలకముపై కలమును నడపుచు, ఎదుటి తెరమీద రంగుల నెన్నుకొని పూయగలిగెను. 1978లో శుక్రగ్రహమునకు పోయిన పయొనీర్ నౌకల యాత్రను టెలివిజనులో వివరించుటకు ఈ యంత్రముతోనే బొమ్మలు వేసిరి.

రంగుడబ్బా పనిచేయు తీరు మన రైతులకు చక్కగా తెలిసినదే. మడిలోనికి నీరు వదలినచో అది నలుదెసల గట్టువఱకు ప్రాకి నిలుచును. రంగుడబ్బాయు నట్లే. మనము చూపిన చుక్కకు రంగు పూసి, దాని యిరుగుపొరుగు చుక్కలను చూచును. అవియు పాత రంగులోనే యున్నచో వానికిని పూయును. వేఱు రంగు అడ్డువచ్చినచోట ఆగును. గట్టుకు గండి పడినచో నీరు ప్రక్క మడిలోనికి పోయినట్లు, గీతలో ఒక్క చుక్క లోపించినను రంగు బొమ్మ యంతట ప్రాకిపోవును. ఈ విద్యను వివరించుచు ఆల్వీ రే స్మిత్ అను శాస్త్రజ్ఞుడు 1979లో ఒక పరిశోధనపత్రమును ప్రకటించెను.

కత్తెర, జిగురు వచ్చిన త్రోవ వేఱు. పూర్వము పత్రికా కార్యాలయములలో వ్రాతప్రతిని కత్తెరతో ముక్కలు చేసి, స్థానములు మార్చి, జిగురుతో అతికెడివారు. ఆ పనినే లారీ టెస్లర్, టిమ్ మాట్ అను ఇరువురు 1970ల నడుమ అదే జెరాక్స్ పరిశోధనశాలలో కంప్యూటరునకు నేర్పిరి. కత్తిరించుట, నకలు తీయుట, అతికించుట అను మూడు ఆజ్ఞలు ముందు అక్షరములకొఱకు వాడుకలోనికి వచ్చి, పిమ్మట చిత్రములకును సంక్రమించెను.

ఇంతవఱకు చెప్పిన యంత్రములు ప్రయోగశాలల సొత్తు. వీనిని సామాన్యగృహమునకు తెచ్చిన ఘనతలో పెద్ద భాగము బిల్ ఆట్కిన్‌సన్‌కు చెందును. 1984 జనవరిలో ఆపిల్ సంస్థవారు వెలువరించిన మెకింటాష్ కంప్యూటరుతో ఆయన రచించిన మాక్‌పెయింట్ అను ప్రోగ్రాము వచ్చెను. తెర నలుపు తెలుపులదే. అడ్డముగా 512, నిలువుగా 342 చుక్కలు. అయినను పెన్సిలు, కుంచె, రబ్బరు, రంగుడబ్బా, బొమ్మను చుట్టి పట్టు ఉచ్చు, అన్నియు తెర ప్రక్కన బొమ్మలుగా నిలిచెను. ఎన్నుకొన్న భాగము చుట్టును చీమలబారు నడచుచున్నట్లు చుక్కల గీత కదలెడిది. చిత్రములో కొంతభాగమును పెద్దదిగా చేసి, ఒక్కొక్క చుక్కనే దిద్దుకొను సౌకర్యముండెను. ఆ కంప్యూటరులోని చిన్న గుర్తుబొమ్మలను పెక్కింటిని సూసన్ కేర్ అను చిత్రకారిణి రూపొందించెను. అక్షరములు రానివారును బొమ్మను చూచి పనిముట్టును గుర్తుపట్టగలిగిరి.

ఆట్కిన్‌సన్ గణితచాతుర్యమునకు ఒక యుదాహరణము. గుండ్రని ఆకారములు గీయుటకు వర్గములును వర్గమూలములును కావలయును. ఆ చిన్న యంత్రమునకు అవి భారము. ఒకటికి మూడు చేర్చిన నాలుగు, అయిదు చేర్చిన తొమ్మిది, ఏడు చేర్చిన పదునాఱు: బేసిసంఖ్యలను వరుసగా కూడినచో వర్గములే వచ్చును. ఈ చిన్న సూత్రమును పట్టుకొని, కూడికలతోనే ఆయన కోడిగ్రుడ్డు ఆకారములను క్షణములో గీయించెను.

అన్నింటికంటె ముఖ్యమైనది మఱియొకటి. మాక్‌పెయింట్ చిత్రమునకు రెండు ప్రతులను స్మృతిలో నుంచుకొనెడిది: ఒకటి ఇప్పటిది, రెండవది ఇంతకు ముందటిది. తప్పు జరిగినచో వెనుకటి ప్రతిని తెచ్చి నిలిపెడిది. దీనిని అన్‌డూ అందురు. అక్షరములు కూర్చు ప్రోగ్రాములలో ఇది ముందే యున్నది. చిత్రమునకు వచ్చినప్పుడు దాని ప్రభావము ఇంకను గొప్పదయ్యెను. బొమ్మ గీయుటకు భయపడువారు గీత రాక భయపడరు. పాడైన కాగితమును చూచి భయపడుదురు. ఆ భయము తొలగినప్పుడు ఎన్నడును కుంచె పట్టనివాడు సైతము చేయి చాచెను. ఈ పరికరములు మనకిచ్చిన గొప్ప వరము ఇదియేనని నా నమ్మకము.

ఇక ఛాయాచిత్రముల మాట. మిచిగాన్ విశ్వవిద్యాలయమున పరిశోధకుడైన థామస్ నోల్ 1987లో, నలుపు తెలుపు తెరపై బూడిదవన్నె ఛాయలను చూపు ప్రోగ్రామును వ్రాయసాగెను. చలనచిత్రములకు మాయాదృశ్యములు కూర్చు సంస్థలో నున్న సోదరుడు జాన్ దాని విలువను గ్రహించి, తానును చేయి కలిపెను. అదియే 1990 ఫిబ్రవరిలో అడోబీ సంస్థవారు వెలువరించిన ఫోటోషాప్. ఆ సోదరుల తండ్రికి ఇంటిలోనే ఫోటోలు కడుగు చీకటిగది యుండెను. ఆ గది సంప్రదాయము ప్రోగ్రాములోను కనబడును. చీకటిగదిలో అట్టముక్క నడ్డుపెట్టి ఒకచోటికి వెలుతురు తగ్గించెడివారు. అచట చిత్రము తేటపడెడిది. వేళ్ళ సందునుండి ఒకచోటికే వెలుతురు పోనిచ్చెడివారు, అచట నల్లబడెడిది. ఈ రెండు పనులును తెరమీద రెండు పనిముట్లుగా మాఱినవి. 1994లో పొరలు వచ్చెను: పారదర్శకమైన పత్రములను ఒకదానిపై నొకటి పఱచినట్లు, చిత్రమును పొరలుగా నుంచి, ఏ పొరను మార్చినను తక్కినవి చెడకుండ చేసిరి. 1998లో ఒక్క మెట్టే కాక, అనేకమైన మెట్లు వెనుకకు నడచు వీలు గలిగెను.

వరము వెంట బాధ్యతయు వచ్చును. ఛాయాచిత్రమును మార్చుట క్రొత్తపాపమేమియు కాదు. సోవియట్ దేశమున కాలువగట్టుపై స్టాలిన్ ప్రక్కన నిలిచిన నికొలాయ్ యెజోవ్ అను అధికారి 1940లో మరణశిక్షకు గుఱికాగా, పిమ్మట ఆ చిత్రమునుండి ఆతనిని తొలగించిరి. ఆతడు నిలిచినచోట కాలువనీరు మాత్రమే మిగిలెను. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక, నిలువుగా నున్న ముఖపత్రములో ఇముడుటకై ఈజిప్టు పిరమిడ్లను యంత్రసాహాయ్యముతో దగ్గఱకు జరిపి, విమర్శల పాలయ్యెను. నాడు ఇది కొలదిమంది చేయగల పని. నేడు ప్రతి యింటను జరుగుచున్నది. తొలగించిన చోటును తానే నింపు పనిముట్టు 2010లో ఫోటోషాప్‌లో చేరెను. కోరిన వస్తువును మాటలతో చెప్పినచో చిత్రించి పెట్టునది 2023లో చేరెను.

దీని ఫలితము మా యింటనే చూచితిని. మా అమ్మమ్మకు ఒకే యొక్క ఫోటో యుండెను. తేమ తగిలి దానిమీద బూజుమచ్చలు పడెను. పట్టణమున ఒక స్టూడియోలో ఇచ్చితిని. అచటి కుఱ్ఱవాడు శ్రద్ధగలవాడే. శుభ్రమైన చోటునుండి చుక్కలను తీసి మచ్చలమీద అద్దుచు, గంటసేపు శ్రమించి, చిత్రమును అద్దమువలె చేసి యిచ్చెను. మేమందఱము సంతోషించి పటము కట్టించితిమి. పాత కాగితమును అటకపై పడవైచితిమి. దానిని చెదలు తినెను. కొన్నాళ్ళకు మా పెద్దమ్మ వచ్చి పటము ముందు చాలసేపు నిలిచి, "ఒరేయ్, అమ్మ బుగ్గమీద పుట్టుమచ్చ ఏదిరా?" అని అడిగెను.

ఎవరును బదులు చెప్పలేకపోతిమి. కుఱ్ఱవాని తప్పు లేదు. అతని పనిముట్టునకు బూజుమచ్చయు పుట్టుమచ్చయు ఒక్కటియే: తెల్లని చుక్కల నడుమ కొన్ని నల్లని చుక్కలు. ఏది మరక, ఏది మనిషి అను వివేకము సంఖ్యలలో లేదు. అది చూచువాని కంటిలోను, ఎఱిగినవారి జ్ఞాపకములోను మాత్రమే యున్నది. పాత ప్రతి యున్నచో మఱల దిద్దించియుందుము. అన్‌డూ మీట తెరముందు కూర్చున్నంతసేపే పనిచేయును. అటకమీదికి అది రాదు.

కావున శ్రోతలకు నా విన్నపము స్వల్పము. పిల్లలను నిర్భయముగా గీయనిండు; చెరపనిండు; మఱల గీయనిండు. ఆ స్వేచ్ఛకై కిర్ష్ మొదలు ఆట్కిన్‌సన్ వఱకు ఎందఱో శ్రమించిరి. అయితే పెద్దల ఫోటోలను బాగుచేయించునప్పుడు మూలమును ముట్టకుండ, నకలుమీదనే పని చేయింపుడు. బాగుచేసిన పిదపయు మూలమును భద్రపఱచుడు. పని ముగియకముందే ఇంటిలోని వృద్ధులకు ఒకసారి చూపుడు. మచ్చ మిగులని తుడుపు చేతికి వచ్చిన కాలమున, ఏ మచ్చను తుడువరాదో తెలిసికొనుటయే మనము నేర్వవలసిన విద్య.