లీజ్ వేరు, రిలీజ్ వేరు

పేరేసంద్ర, గుడిబండ, బాగేపల్లి వైపు మన ఇళ్లలో మాట తెలుగు, పత్రం కన్నడం, ఆ పత్రానికి పెట్టే పేరు మాత్రం తరచు ఇంగ్లీషు. లీజ్ డీడ్, రిలీజ్ డీడ్ కలగాపులగమయ్యేది అక్కడే. చెవికి తేడా ఒక్క అక్షరం.

లీజ్ అంటే గుత్త. ఆస్తి మనదే, అనుభవం కొంతకాలం ఇంకొకరిది. ముందే మొత్తం తీసుకుని నెల బాడుగ లేకుండా ఇల్లిచ్చే భోగ్యాన్నీ మనవైపు లీజనే అంటారు.

రిలీజ్ అంటే మన వాటా వదులుకోవడం. దానికి గడువు లేదు. కన్నడంలో హక్కు ఖులాసె పత్ర. మనకు ఖులాసా అంటే మనసు తేలికపడటం. ఇక్కడ తేలికయ్యేది వాటా!

ఈ సంతకం ఎక్కువగా అడిగేది ఆడపిల్లలనే. పసుపు కుంకుమల కింద ఇంత ఇస్తాం, ఒక సంతకం పెట్టిపోమ్మా అంటారు. పిత్రార్జితంలో కొడుకుతో సమానమైన హక్కు కర్ణాటకలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1994లోనే వచ్చింది. 2005 సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఇష్టపడి అన్నదమ్ములకు వదులుకుంటే అది వేరే సంగతి. లీజనుకుని వదులుకుంటే, మోసం జరిగిందని కోర్టులో రుజువు చేసుకునే భారం ఆమెదే.

కాబట్టి పత్రంలో పేరు కాదు, రెండు విషయాలు వెతకమంటాం: ఎన్నేళ్లకు, ఎంత బాడుగకు లేదా భోగ్యానికి. ఆ రెండూ లేకుంటే అది లీజ్ కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయే ముందురోజే, కన్నడం చదువుకున్న పిల్లల చేత ఇంట్లో పైకి చదివించుకోండి.