పాత ద్రాక్షమద్యము



పాత బియ్యమునకును, పాత చింతపండునకును మన యిండ్లలో గల గౌరవము మీ రెఱుగనిది కాదు. పడమటి దేశములవా రట్టి గౌరవమునే ఎఱ్ఱ ద్రాక్షమద్యమునకు చూపుదురు. కాని, పాతదే మేలైనదను నమ్మకము వారిలోను అనాదిగా అవిచ్ఛిన్నముగా వచ్చినది కాదు. నడుమ వేయి యేండ్లకు పైగా క్రొత్తదానికే హెచ్చు వెల యుండెను. అది యెట్లు తారుమారయ్యెనో చెప్పుటయే నేటి నా పని. నే నా పానమును రుచి చూచినవాడను గాను. చరిత్ర చెప్పుటకు అది యక్కఱలేదు గదా!

రోమకులు మద్యమును మట్టికూజాలలో పోసి, మూతి బిగించి, కీలు పూసి దాచెడివారు. క్రీ. పూ. 121లో ఒపిమియసు కాన్సలు అధికారమున నున్న యేటి పంట మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. దాదాపు రెండువందల యేండ్లకు ప్లినీ యను పండితుడు, అది యింకను మిగిలియున్నదనియు, కటువైన తేనెవలె చిక్కబడినదనియు వ్రాసెను. రుచికన్న పేరే యెక్కువకాలము బ్రదికినదన్న మాట.

రోమక సామ్రాజ్యము కూలినపిమ్మట కొయ్యపీపాలే గతియయ్యెను. పీపా వెలితిపడిన కొలది గాలి చొచ్చును; మద్యము పుల్లనై చెడును. ఫ్రాన్సులోని బోర్డో సీమ 1154 మొదలు 1453 వఱకు ఇంగ్లండు రాజుల యేలుబడిలో నుండెను. ప్రతియేట శరత్కాలమున ఓడల గుంపులు క్రొత్త పంటను కొనిపోయెడివి. అవి రేవు చేరగానే నిరుటి సరకు వెల పడిపోయెడిది.

17వ శతాబ్దమున ఇంగ్లండులో బొగ్గుకొలిమి వేడికి గట్టి గాజుసీసాలు పుట్టెను. వానికి చెట్టుబెరడుతో చేసిన బిరడా తోడయ్యెను. సీసాను పరుండబెట్టినచో బిరడా తడిగా నుండి గాలిని లోనికి రానీయదు. చల్లని చీకటి నేలమాళిగలకు విలువ వచ్చిన దప్పుడే.

ఎఱ్ఱమద్యమే యేల యిట్లు నిలుచును? ద్రాక్షతోలును గింజలును రసముతోపాటు పులియుటచే కరక్కాయవంటి వగరు దానిలో దిగును. ఆ వగరు ఏండ్ల తరబడి మెల్లగా కూడుకొని మడ్డియై అడుగున పేరుకొనును. రుచి మెత్తబడును, ఊదాయెఱుపు ఇటుకరంగునకు తిరుగును. కొలదిగా తగిలిన గాలి మద్యమును పండించుననియు, మితిమీరినచో చెఱచుననియు పాస్టరు 1866లో నిరూపించెను.

కావున వగరు గల సీమలవే దీర్ఘాయువులు. బోర్డోలోని మెడాక్ ప్రాంతపు కాబర్నే సావిన్యోన్ ద్రాక్ష చిన్నకాయ, దళసరి తోలు. మంచి యేటి పంట ముప్పదియేండ్లైనను నిలుచును. ఇటలీలోని బరోలో మద్యము చూపునకు పలుచన, నాలుకకు మహావగరు. మూడేండ్లకు పైగా నిలువచేసిన గాని అమ్మరాదని యచట శాసనము. బుర్గుండీ పీనో ద్రాక్షతోలు పలుచన. కొన్ని తోటలవి తప్ప అంతకాలము సాగవు. ఇక బోజొలే సీమ గమే ద్రాక్షకు వగరు స్వల్పము. ఆ సీమవారు, ఆ యేటి క్రొత్తమద్యమును 1985 మొదలు నవంబరు మూడవ గురువారమున విడుదల చేయుచున్నారు. నేలమాళిగతో పనిలేకయే జనులు దానిని త్రాగివేయుదురు.