గురువునకు గురువు: ఉపాధ్యాయ శిక్షణ చరిత్రము

కాళిదాస మహాకవి మాళవికాగ్నిమిత్ర నాటకమున గణదాసుడు, హరదత్తుడు అను నిరువురు నాట్యాచార్యులు తమలో నెవ్వరధికులని వివాదపడుదురు. తీర్పు చెప్పవలసిన పరివ్రాజిక వారి విద్యను వారియందే పరీక్షింపక, వారి శిష్యురాండ్రయందు పరీక్షింపవలెనని నిర్ణయించును. విద్య కలిగియుండుట యొకటి. దానిని పరునకు సంక్రమింపజేయుట మఱియొకటి. రెండును గలవాడే యాచార్యులలో నగ్రగణ్యుడని కవి హృదయము. ఉపాధ్యాయ శిక్షణమని నేడు మన మనుచున్న దానికంతటికి నిదియే మూలసూత్రము.

కులబాంధవులారా! ఈ వార్షిక సంచికకు మనవారి కుపయోగపడు చరిత్రవిషయ మొకటి వ్రాయుడని కార్యకర్తలు మమ్ము కోరిరి. పొదిలి ప్రాంతపు బడులలో ముప్పదియేండ్లకు మించి పాఠములు చెప్పి విశ్రాంతి నొందిన మాకు నిస్సంశయముగా మాటలాడుట కధికారము గల విషయ మిది యొక్కటియే. గురువునకు గురువెవ్వరు? అతనిని తయారుచేయు భారము నెవ్వరు వహించిరి? విశ్వవిద్యాలయములు మన పల్లెబడుల కెంతవఱకు తోడ్పడినవి? ఈ ప్రశ్నల ననుసరించి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పూర్వము మన వీథిబడులలో బాలురు ఇసుకలో నక్షరములు దిద్దెడివారు. ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పెడివాడు. 1789లో చెన్నపట్టణపు టెగ్మూరులోని సైనికుల యనాథబాలుర శాలకు నధికారియైన ఆండ్రూ బెల్ అను మతాచార్యు డీ పద్ధతిని జూచి ముగ్ధుడై తన శాలలో ప్రవేశపెట్టెను. 1797లో లండనున నతడు ప్రకటించిన గ్రంథముచే నది యింగ్లండున వ్యాపించెను. మన యరుగులమీది యాచారమే సీమకుబోయి శాస్త్రమను పేరు దాల్చినదన్నమాట. ఇసుక పోయి పలక వచ్చినపుడు దేశమున కా పలకల నిచ్చినది మన మార్కాపురమే. ఇట్లు తెలుగుబిడ్డల చేతికి పలక నిచ్చిన సీమయందే ఆ పలకపై వ్రాయించు గురువునకు శిక్షణ చాలకాలము దుర్లభమై యుండుట విచారింపదగిన సంగతి.

ఉపాధ్యాయులను తయారుచేయవలెనను నాలోచన చెన్నరాజధానిలో సర్ తామస్ మన్రో కాలమున రూపుదాల్చెను. 1822లో నతడు బడుల లెక్క తీయింప, రాజధాని యంతట 12,498 బడులున్నట్లును, వానిలో 1,88,650 మంది చదువుచున్నట్లును తేలెను. 1826 మార్చి 10వ తేదీని వ్రాసిన నివేదికలో, సామాన్యముగా బడిపంతులునకు నెలకు ఆఱేడు రూపాయలకు మించి రాబడి లేదనియు, అట్టి జీవనమునకు సమర్థులు రారనియు నతడు స్పష్టముగా జెప్పెను. చెన్నపట్టణమున నుపాధ్యాయులకు శిక్షణ మొసంగి జిల్లాలకును తహశ్శీళ్లకును పంపవలెననియు, తహశ్శీలుబడి పంతులునకు నెలకు 9 రూపాయలీయవలెననియు సూచించెను. మఱుసటియేడు జూలై 6వ తేదీని మన్రో పత్తికొండయొద్ద విషూచిచే మరణించెను. తరువాతివారి కా శ్రద్ధ లేకపోయెను; కొలది యేండ్లలోనే యా ప్రయత్న మడుగంటెను. ఒక్కని సంకల్పముపై నిలిచిన పని యతనితోడనే పోవునని దీనివలన నెఱుగనగును.

1854 నాటి వుడ్డుదొర విద్యాపత్రము బోధనాభ్యసన పాఠశాలల నావశ్యకములని తిరిగి చాటెను. 1856లో చెన్నపట్టణమున నార్మలు స్కూలు పుట్టెను. 1857లో విశ్వవిద్యాలయము పుట్టెను. ఈ రెండును ఒక్క నగరమున నొక్క కాలమున జన్మించియు చాలయేండ్లు వేఱువేఱుగనే పెరిగినవి. 1880 దశాబ్దమున విశ్వవిద్యాలయము యల్.టి. పట్టమును నెలకొల్పినపుడు గాని బోధనము పట్టమునకు దగిన శాస్త్రమని యంగీకరింపబడలేదు. తెలుగునాట రాజమహేంద్రవరమున 1894లో ట్రెయినింగు కళాశాల యేర్పడెను. తత్త్వశాస్త్రమున నుత్తీర్ణుడైన సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు సైతము 1910 ప్రాంతమున సైదాపేట ట్రెయినింగు కళాశాలలో శిక్షణ పొందవలసి వచ్చెను. పండితుడైనంతమాత్రమున నుపాధ్యాయుడు కాజాలడను నియమమున కిదియే తార్కాణము. ఇక శిష్యుని భాషను ముందు తాను నేర్చుకొని, పిదప సవరజాతివారికి బడులు పెట్టిన గిడుగు రామమూర్తిపంతులు ఏ కళాశాలయు నేర్పని శిక్షణమును తనకు తానే యిచ్చుకొనిన మహనీయుడు.

ఇంక మన ప్రాంతపు స్థితి. పొదిలిసీమ వేంకటగిరి ప్రభువుల యేలుబడిలో నెల్లూరు జిల్లాకు జేరియుండెను. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970 ఫిబ్రవరి 2వ తేదీని ఒంగోలు జిల్లా యేర్పడి, 1972లో ప్రకాశము పేర వెలయువఱకు ఇరుగుపొరుగు గ్రామముల పంతుళ్లు వేఱువేఱు జిల్లాల యధికారులకు లోబడియుండిరి. విశ్వవిద్యాలయములును మనకు దూరమునుండియే దర్శన మిచ్చినవి. చెన్నపురి తరువాత 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము, 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1976లో గుంటూరుచెంత నాగార్జున విశ్వవిద్యాలయము, 2020 దాటిన పిదప ఒంగోలున ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయము ఏర్పడినవి. ఒక్కొక్క తరమునకు విశ్వవిద్యాలయ మొక్కొక్క మెట్టు చేరువకు వచ్చినది. అయినను చేరువకు వచ్చుట వేఱు, బడిలో నడుగిడుట వేఱు.

ఇచట మా కథ కొంత చెప్పుట క్షంతవ్యము. సంస్కృతము చదివి మేము 1980 దశాబ్దమున నొక మెట్టప్రాంతపు బడిలో తెలుగు పండితులముగా జేరితిమి. శిక్షణము లేదు, పాండిత్యగర్వము మాత్రము కలదు. రెండేండ్లు పద్యములు రాగయుక్తముగా జదివి, పిల్లలచే వల్లెవేయించి, గొప్పగా బోధించుచున్నామని తలచితిమి. ఒకనాడు పద్యమంతయు తడబడక యొప్పజెప్పిన బాలుని అందలి యొక చిన్న పదమున కర్థ మడిగితిమి. వాడు భయపడి మరల మొదటినుండి పద్యమే చదువ నారంభించెను. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

పిదప సెలవు పెట్టి తిరుపతి కేంద్రీయ సంస్కృత విద్యాపీఠమున శిక్షాశాస్త్రి తరగతిలో జేరితిమి. సంస్కృతోపాధ్యాయులకు బోధనపద్ధతులు నేర్పుట ముఖ్యాశయముగా 1961లో స్థాపింపబడిన సంస్థ యది. 1987లో విశ్వవిద్యాలయస్థాయి నంది, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయ మాయెను. అభ్యాసపాఠము చెప్పు దినమున తోడివిద్యార్థులు వెనుకబల్లపై గూర్చుండి మా తప్పుల నెన్నెడివారు. మా మొదటి పాఠము ముగియగానే ఆచార్యులొకరు, “నలువది నిమిషములలో మీరెన్ని నిమిషములు మాటలాడితిరి? పిల్లలెన్ని నిమిషములు మాటలాడిరి?” అని యడిగిరి. వెనుకనున్న మిత్రుడు లెక్కించియుండెను. పిల్లలకు దక్కినవి మూడు నిమిషములు. మా గర్వ మానాడు శమించినది. తరువాతి మా యుద్యోగమంతయు నా మూడును పెంచు ప్రయత్నమే.

దేశమున పెద్దలు చెప్పినదియు నిదియే. 1964 మొదలు 1966 వఱకు విచారణ జరిపిన కొఠారీ కమీషను, శిక్షణ కళాశాలలు విశ్వవిద్యాలయములకును, బడులకును, ఒండొంటికిని దూరమై యొంటరిగా నున్నవనియు, ఆ యెడబాటు తొలగవలెననియు హెచ్చరించెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము వెంట జిల్లా విద్యాశిక్షణ సంస్థలు వెలసినవి. మన జిల్లా వారికి మైనంపాడులోనిది దక్కినది. 1984లో ప్రయోగముగా మొదలై, తరువాత రాష్ట్రమంతట వ్యాపించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకము బ్రిటిష్ ప్రభుత్వపు ధనసాహాయ్యముతో నడచెను. ఉపాధ్యాయ కేంద్రములలో పంతుళ్లు కూడి పాఠములను జర్చించుకొనిరి. దాని ఫలితములను ససెక్స్ విశ్వవిద్యాలయపు పండితులు పరిశీలించి వ్రాసిరి. పల్లె పంతులు పని విశ్వవిద్యాలయమునకు పరిశోధనార్హమగుట మాకు సంతోషము గలిగించిన విషయము. కాని ధనసాహాయ్యము ముగిసిన పిదప కేంద్రము లనేకము పేరునకే మిగిలినవి. మన్రో కథయే మరల జరిగినది.

ఆపైన ప్రైవేటు బి.ఇడి. కళాశాలలు వర్షాకాలపు పుట్టగొడుగులవలె లేచినవి. ఒక కళాశాలలో చేరిన మా బంధువుల బిడ్డ సంవత్సరమున పట్టుమని పదిదినములైనను తరగతికి బోవక పట్టము తెచ్చుకొనెను. పేరు చెప్పుట మర్యాద గాదు. ఆ బిడ్డయు చెడ్డవాడు గాడు, నేర్పినవారు లేరు. ఇట్టి దురవస్థనే 2012లో జస్టిస్ వర్మ కమీషను దేశమునకు దెలిపెను. 2015 నుండి బి.ఇడి. రెండేండ్ల చదువై, అందు ఇరువది వారములు బడిలో పనిచేయవలెనను నియమ మేర్పడెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము 2030 నాటికి నాలుగేండ్ల సమగ్రశిక్షణమే కనీసార్హత కావలెననియు, ఉద్యోగమందున్న ప్రతి పంతులును ఏటేట ఏబది గంటలు నేర్చుకొనవలెననియు నిర్దేశించినది. నియమములు మంచివే. నడపువారు కావలెను.

కావున పోషకులగు శ్రీమంతులకు మా విన్నపము. మన సంఘము పేర నింకొక శిక్షణ కళాశాల పెట్టుదమని కొందఱు పెద్దలనుచున్నారు. వారి యుదారత కొనియాడదగినదే కాని, భవన మొకటి కట్టిన మాత్రమున గురువు తయారు కాడు. ఇరువది వారముల యభ్యాసమునకు మన పల్లెబడులకు వచ్చు యువతీయువకులకు, వారే కులమువారైనను సరే, వసతియు భోజనమును కల్పించుడు. మైనంపాడు శిక్షకులను, విశ్వవిద్యాలయాచార్యులను ఏటికి రెండుమార్లైనను పొదిలికి బిలిచి, స్థానికోపాధ్యాయులతో కూర్చుండబెట్టుడు. పాఠము చెప్పువారును విని లెక్కించువారును ఒక్క గదిలో నుండునట్లు చేయుడు. దీనికగు వ్యయము కళాశాలకగు వ్యయమున నెన్నవవంతు? ఏటేట సంఘము నడపిన, దాత యొక్కడు పోయినను పని పోదు.

వార్ధకముచే మాటలు పెరిగినవేమో, పెద్దలు క్షమింతురుగాక. మన బిడ్డలు తరగతిలో మాటలాడు నిమిషములు మూడునుండి ముప్పదికి పెరుగుగాక. స్వస్తి.